ఎడమ ఇండికేటర్ టకటకా కొట్టుకుంటోంది, బల్బు మార్చినా అంతే

కావలి_చిన్నకారు:
అన్నలకు నమస్తే. బండి 2013 మోడల్, పెట్రోల్. నాలుగు రోజుల నుంచి ఎడమ ఇండికేటర్ వేస్తే టకటకా కొట్టుకుంటోంది. పది సెకన్లకు లెక్కపెడితే 26 సార్లు, కుడివైపు 14. హజార్డ్ స్విచ్ నొక్కితే నాలుగూ మామూలుగానే కొడతాయి. ముందు ఎడమది బాగా వెలుగుతుంది, ఫెండర్ మీది చిన్నదీ వెలుగుతుంది. వెనకది మాత్రం అగరొత్తి నిప్పు మాదిరి ఎర్రగా కనిపిస్తుంది, అంతే. కొత్త బల్బు వేశా, తేడా లేదు. షాపులో రిలే (ఇండికేటర్లను ఆర్పి వెలిగించే చిన్న డబ్బీ) మార్చాలన్నారు, లేకుంటే అన్నీ ఎల్‌ఈడీలు వేయించుకోమన్నారు. ఏది చేయాలి?

ఒంగోలు_వైరింగ్:
రిలే జోలికి పోబాకండి. కుడివైపు 14 కొడుతోందంటే రిలే బాగున్నట్టే, రెండు పక్కలకీ ఉండేది అదొక్కటే గదా. నిబంధన ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టాలి. అంటే పది సెకన్లకు 10 నుంచి 20. మీ 26 ఆ హద్దు దాటింది, కానీ అది రిలే తప్పు కాదు, ఒక బల్బు సరిగా వెలగడం లేదని రిలే చెప్పే కబురు. డ్రైవర్ సీట్లో కూర్చున్నవాడికి వెనక బల్బు కనపడదు, అందుకని అట్టా పెట్టారు.

ఒక్కో పక్క ముందు 21 వాట్లు, వెనక 21, ఫెండర్‌ది 5, మొత్తం 47 వాట్లు. 12 వోల్టుల దగ్గర దాదాపు 4 ఆంపియర్లు. ఒక 21 వాట్ల బల్బు పోతే 26 వాట్లే మిగులుతాయి, కరెంటు 2 ఆంపియర్ల చిల్లరకు దిగుతుంది. రిలే లోపల కరెంటును కొలిచే చిన్న నిరోధకం ఉంటుంది, ఆ తగ్గుదలను పట్టుకుని వేగం పెంచుతుంది. హజార్డ్‌లో నాలుగు మూలల బల్బులూ కలిసి లాగుతాయి కాబట్టి ఒకటి తగ్గినా హద్దు దాటదు, మామూలుగా కొడుతుంది. రెండు పక్కలా వేగంగా కొడితే మాత్రం రిలేనీ, దానికొచ్చే సప్లైనీ అనుమానించాలి.

మీ బల్బు పూర్తిగా ఆరిపోలేదు, నిప్పులా ఉంది. అంటే ఫిలమెంటు తెగలేదు, దారిలో ఎక్కడో అడ్డుంది. ముందు ఒక సులువైన పరీక్ష చేయండి. చీకట్లో పార్కింగ్ లైట్లు వేసి ఎడమ ఇండికేటర్ పెట్టండి. వెనక ఎడమ టెయిల్ లైటు కూడా ఇండికేటర్‌తో పాటు ఊగుతుంటే ఆ లాంపు ఎర్తు, అంటే కరెంటు బాడీ రేకు మీదుగా బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి, పోయినట్టే. ఎర్తు దారి లేక కరెంటు పక్క ఫిలమెంటు మీదుగా పోవాలని చూస్తుంది.

తర్వాత మీటరు తీసుకోండి. బల్బు హోల్డర్లోనే ఉంచి, ఇండికేటర్ కొడుతుండగానే కొలవాలి. బల్బు తీసి కొలిస్తే చెడ్డ వైరు కూడా 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది, దాని గుండా కరెంటు పారడం లేదు గనక. నల్ల ప్రోబు బ్యాటరీ మైనస్ మీద, వైరు చాలకపోతే ముక్క కలుపుకోండి. ఎర్ర ప్రోబు లాంపు కనెక్టర్‌లో ఎర్తు వైరు వెనక నుంచి దూర్చండి. చాలా కార్లలో అది నల్లది, కొన్నిట్లో గోధుమరంగు. అంకె ఎగురుతూ ఉంటుంది, వాటిలో పెద్దది చూడండి. 0.2 వోల్టులు దాటకూడదు. అట్టా బాగుంటే సప్లై వైపు హోల్డర్ రేకు చూడాలి.

గూడూరు_ఎలక్ట్రికల్:
పై అన్న చెప్పిన వరస సరైంది. ఎల్‌ఈడీ సంగతి నేను చెబుతా. ఈ స్థితిలో ఎల్‌ఈడీ వేస్తే అసలు జబ్బు దాక్కుంటుంది. ఎల్‌ఈడీ లాగేది 3 నుంచి 6 వాట్లు, ఎర్తు చెడిపోయి ఉన్నా వెలిగినట్టే కనిపిస్తుంది. కానీ రిలేకు కరెంటు చాలదు, ఇప్పుడు ఒక పక్క కొట్టుకునేది రెండు పక్కలా కొట్టుకుంటుంది.

దానికి మందుగా 6 ఓంల, 50 వాట్ల రెసిస్టర్ ఒక్కో ఎల్‌ఈడీకి పక్కన కట్టమంటారు. ఒక్కొక్కటీ 13.5 వోల్టుల దగ్గర 30 వాట్ల వేడి పుట్టిస్తుంది. హజార్డ్ వేసి బండి కాసేపు ఆపితే చేయి పెట్టలేం. బంపరు ప్లాస్టిక్‌కో, వైర్ల కట్టకో ఆనించి బిగిస్తే కరుగుతాయి. తప్పనిసరైతే బాడీ రేకుకే బోల్టు వేయాలి. మూడు పిన్నుల ఎల్‌ఈడీ రిలే ఇంకో దారి, కానీ మీ బండిలో విడిగా రిలే ఉంటేనే. రిలే పని బండి కంట్రోల్ యూనిట్‌లోనే కలిసి ఉన్న బండ్లలో అది పనికిరాదు.

ఫిలమెంటు బల్బే ఉంచుకోండి. లాంపు పై అద్దం రంగు లేకుండా తెల్లగా ఉంటే పీవై21డబ్ల్యూ అనే నారింజ రంగు బల్బు కావాలి. దాని రెండు పిన్నులూ ఎదురెదురుగా ఉండవు, కాస్త పక్కకు జరిగి ఉంటాయి. పిన్ను నొక్కి తెల్ల బల్బు దూర్చబాకండి. ఇండికేటర్ నారింజ రంగులోనే వెలగాలి, అది చట్టం కూడా.

కావలి_చిన్నకారు:
మీరు చెప్పినట్టే చేశా. పార్కింగ్ లైటు వేస్తే ఎడమ టెయిల్ లైటు ఇండికేటర్‌తో పాటే ఊగుతోంది. బ్రేకు తొక్కితే ఆ పక్క బ్రేకు లైటు కూడా మసకే. మీటరులో ఎర్తు వైరు మీద 8 వోల్టుల దాకా ఎగురుతోంది.

ఒంగోలు_వైరింగ్:
దొరికింది. 12లో 8 వోల్టులు ఎర్తులోనే పోతే బల్బుకు మిగిలేది 4, అందుకే నిప్పులా ఉంది. మూడు లైట్లకూ ఒకటే ఎర్తు, కాబట్టి మూడూ మసక.

డిక్కీ ఎడమ లోపలి కవరు తీసి లాంపు నుంచి వచ్చే ఆ వైరు ఎక్కడ బాడీకి బిగించారో వెతకండి. చాలా బండ్లలో 10 నంబరు స్పానర్ పట్టే బోల్టు. మన కోస్తాలో ఉప్పు గాలికి దాని కింద రేకు తుప్పు పడుతుంది, వైరు చివరి రింగు పచ్చగా చిలుము పడుతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగే బండ్లకు ఇది మామూలే.

బ్యాటరీ మైనస్ తీసి బోల్టు విప్పండి. రింగుకు రెండు వైపులా, రేకు మీద బోల్టు ఆనే చోట రంగూ తుప్పూ పోయి మెరిసేదాకా ఎమిరీ పేపర్‌తో రుద్దండి. పళ్ళ వాషర్ వేసి గట్టిగా బిగించండి. బిగించాకే పైన పల్చగా వాజలిన్ పూయండి, ముందే పూయబాకండి. రింగు దగ్గర వైరు చితికి రాగి నల్లబడి ఉంటే రుద్దినా లాభం లేదు, రాగి మెరిసే చోటికి కోసి కొత్త రింగు నొక్కించాలి. హోల్డర్లో బల్బు అడుగు ఆనే స్ప్రింగ్ రేకు కూడా చూడండి, ఎర్రబడి మెత్తబడితే హోల్డరే మార్చాలి.

కావలి_చిన్నకారు:
రింగు పచ్చగానే ఉంది. పోగులు సగం తెగి ఉన్నాయి. కోసి కొత్త రింగు వేయించి బిగించా. ఇప్పుడు మీటరులో 0.1, పది సెకన్లకు 14. వెనక బల్బు ముందుదానిలాగే నిండుగా వెలుగుతోంది. ఆ మూల అడుగున కాస్త తడి మాత్రం ఉంది.

గూడూరు_ఎలక్ట్రికల్:
ఆ తడి వదిలేస్తే కొత్త రింగు కూడా అదే దారి పడుతుంది. లాంపు విప్పి దాని చుట్టూ ఉండే రబ్బరు వాషరు చూడండి. ఎండకు గట్టిపడి పగిలి ఉంటే మార్చండి. తర్వాత ఒకరు డిక్కీలో టార్చి పట్టుకుంటే ఇంకొకరు బయట నుంచి లాంపు మీద బకెట్ నీళ్ళు నెమ్మదిగా పోయండి. నీరు ఏ మూల నుంచి దిగుతోందో కనిపిస్తుంది. లాంపు దగ్గర దిగకపోతే డిక్కీ తలుపు రబ్బరు చూడండి.