అప్‌డేట్: రాత్రిపూట రౌటర్ లైటు కొట్టుకోవడం గురించి

విజయనగరంలో మా ఇంట్లో అందరూ పడుకున్నాక కూడా వైఫై లైటు ఆగడం లేదు, ఎవరైనా దొంగచాటుగా వాడుతున్నారా అని పోయిన వారం అడిగాను. సగం భయం అనవసరమే. మనం వాడకపోయినా రౌటర్ తన పేరును సెకనుకు దాదాపు 10 సార్లు ప్రకటిస్తూనే ఉంటుంది. ఫోన్లు మెసేజ్‌ల కోసం, టీవీ అప్‌డేట్ల కోసం పలకరిస్తూనే ఉంటాయి.

మీరు చెప్పినట్టు సెట్టింగుల పేజీలో కనెక్ట్ అయిన వాటి జాబితా చూశాను. మా ఇంట్లో ఉన్నవి 6, అక్కడ 8. టెన్షన్ పడ్డాను. ఒక్కో ఫోన్‌లో వైఫై ఆపి చూస్తే, పేరు లేని వాటిలో ఒకటి నా ఫోనే! ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు మామూలుగా అసలు మ్యాక్ అడ్రస్ (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు) దాచి ఉత్తుత్తి అడ్రస్ చూపిస్తాయి. మధ్యలో ఫోన్‌లో ఆ సెట్టింగ్ మార్చాను కాబట్టి అసలుదీ ఉత్తుత్తిదీ రెండూ జాబితాలో కనిపించాయి. అడ్రస్‌లో రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది ఇలాంటిదేనని గుర్తుపట్టొచ్చు.

మిగిలింది మేడ మీద అద్దెకున్న అబ్బాయిది. పైడితల్లమ్మ పండగకి వచ్చిన చుట్టాలకి అమ్మ పాస్‌వర్డ్ చెబుతుంటే విన్నాడట. అడగ్గానే ఒప్పుకున్నాడు, పాపం.

వైఫై పాస్‌వర్డ్ మార్చాను, డబ్ల్యూపీఎస్ (పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో వైఫైకి కలిపే పద్ధతి) ఆపేశాను. నన్ను నిజంగా కంగారు పెట్టింది రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లే పాస్‌వర్డ్: ఇన్నాళ్లూ ‘అడ్మిన్’ అనే ఉంది! అదీ మార్చాను. చుట్టాలకి ఇప్పుడు గెస్ట్ నెట్‌వర్క్ వేరే ఉంది.