అప్‌డేట్: సగటు ర్యాంకుకు పీజీ బ్రాంచి, ఆప్షన్ల వరుస కుదిరింది

ఎంబీబీఎస్ తర్వాత పీజీ సీట్ల కోసం రాసే నీట్ పీజీలో మధ్యరకం ర్యాంకు, రేడియాలజీ, డెర్మటాలజీ అందేలా లేవు, అనస్థీషియా, పీడియాట్రిక్స్, పాథాలజీల్లో ఏది ముందు పెట్టాలని ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన సీనియర్లందరికీ థాంక్స్. అనస్థీషియానే ముందు పెడుతున్నాను.

హన్మకొండ, కరీంనగర్ వైపు సిజేరియన్ చేసే ఏ నర్సింగ్ హోంకైనా మత్తు డాక్టర్ కావాల్సిందే. సొంత ఆసుపత్రి పెట్టుబడి అక్కర్లేదు. కాకపోతే రాత్రి కాల్స్ తప్పవు, పేషెంటుకు మన పేరు కూడా గుర్తుండదు. పని తీరు ఇది: వెన్నులో గుచ్చే స్పైనల్ సూది వెనక తేటనీటి చుక్క కనబడ్డాకే మందు ఎక్కించాలి. నిమిషాల్లో బీపీ పడిపోవచ్చు, అందుకే బీపీ పెంచే మందు మెఫెంటెర్మిన్ సిరంజి ముందే నింపి పెట్టుకోవాలి. ఈ క్షణం నచ్చనివాళ్లు ర్యాంకు వచ్చిందని ఈ బ్రాంచి తీసుకోవద్దు. పాథాలజీలో రాత్రులు ప్రశాంతం, కానీ సొంత ల్యాబుకు పెట్టుబడి కావాలి.

వెబ్ ఆప్షన్లలో చాలామంది పొరబడేది ఒక్కచోటే. వరుస మన ఇష్టాన్ని బట్టి ఉండాలి, పోయినేడు కటాఫ్‌ను బట్టి కాదు. పైన అందని సీటు పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు. చేరే ఉద్దేశం లేనిది మాత్రం అసలు పెట్టొద్దు: కేంద్ర కౌన్సెలింగ్ నడిపే ఎంసీసీ ఆలిండియా కోటా రెండో రౌండ్‌లో సీటొచ్చి చేరకపోతే డిపాజిట్ పోతుంది, జనరల్‌కు అది 25,000 రూపాయలు. తెలంగాణ రాష్ట్ర కోటాకు వరంగల్‌లోని కాళోజీ హెల్త్ యూనివర్సిటీలో విడిగా రిజిస్టర్ కావాలి.

ప్రైవేటు కాలేజీ పెట్టేముందు స్టైపెండ్ నిజంగా చేతికొస్తుందా, థియేటర్లో రోజుకు ఎన్ని కేసులు జరుగుతాయి అని అక్కడి సెకండియర్ పీజీనే అడగండి.