యాత్రలో ఫోన్ పోతే ఖాతా ఖాళీ కాకుండా ముందే ఏం చేసుకోవాలి?

గోదారిగట్టు:
అమ్మానాన్న వచ్చే వారం సికింద్రాబాద్ నుంచి రైల్లో కాశీ వెళ్తున్నారు, పది రోజులు. నాన్నగారిది ఆండ్రాయిడ్ ఫోన్. పెన్షన్ ఖాతా, ఫోన్‌పే, ఆధార్ అన్నీ ఆ ఒక్క నంబరుకే ఉన్నాయి. స్క్రీన్‌కి ప్యాటర్న్ పెట్టాం. అది సరిపోతుందా?

సిగ్నల్‌దీపం:
సరిపోదండీ. దొంగకి స్క్రీన్ తెరవాల్సిన పనే లేదు. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే ఓటీపీలన్నీ అక్కడికే పోతాయి. అందుకని ముందు సిమ్‌కి పిన్ పెట్టండి. సెట్టింగ్స్ తెరిచి పైన వెతికే చోట "సిమ్ లాక్" అని కొడితే దొరుకుతుంది. ఆన్ చేయగానే పాత పిన్ అడుగుతుంది. అక్కడ మాత్రం ఊహించి కొట్టొద్దు. మూడుసార్లు తప్పితే సిమ్ లాకై, దాన్ని మళ్లీ తెరిచే 8 అంకెల పీయూకే కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. కస్టమర్ కేర్‌ని అడిగి మొదటి పిన్ తెలుసుకుని, తర్వాత మీది పెట్టుకోండి. రెండు సిమ్‌లుంటే రెండింటికీ.

అయ్యాక నాన్నగారి చేతే ఒకసారి ఫోన్ ఆపి ఆన్ చేయించండి. పిన్ అడిగే తెర ఆయన ఇంట్లోనే చూడాలి. లేదంటే దారిలో చార్జింగ్ అయిపోయి మళ్లీ ఆన్ చేసినప్పుడు కంగారు పడతారు.

బేతంచెర్ల:
ఫ్లిప్ కవర్ అరలో ఏటీఎం కార్డు ఉంటే ఈ రోజే తీయించండి. యూపీఐ పిన్ మార్చడానికి కావలసింది కార్డు చివరి 6 అంకెలు, గడువు నెల, సంవత్సరం, ఓటీపీ. ఫోన్, కార్డు కలిసి పోతే అన్నీ ఒక్క చేతికే అందినట్టు. గ్యాలరీలో కార్డు, ఆధార్ ఫొటోలుంటే తీసేయండి, వాట్సాప్‌లో పంపినవి కూడా. లాక్ స్క్రీన్ మీద మెసేజ్ కనపడకుండా నోటిఫికేషన్లు దాచండి. సిమ్ లాక్ చేసినా, తెర మీద ఓటీపీ కనిపిస్తుంటే ఏం లాభం?

*#06# కొడితే వచ్చే ఐఎంఈఐ నంబర్లు, అంటే ఆ ఫోన్ గుర్తింపు నంబర్లు, కాగితం మీద రాసి మీ దగ్గర పెట్టుకోండి. ఇంకోటి, చాలా రైళ్లలో రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా చార్జింగ్ పాయింట్లు ఆపేస్తారు. పదింటికల్లా చార్జింగ్ ముగించి ఫోన్ లోపల పెట్టుకోమనండి.

రైలుకట్ట:
పోయాక ఏది ముందన్నది చాలామంది తికమక పడతారు. మొదట వేరే ఫోన్ నుంచి సిమ్ బ్లాక్ చేయించాలి, వెంటనే బ్యాంకు. డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. రైలు దిగక్కర్లేదు, టీటీఈ దగ్గరో ఆర్‌పీఎఫ్ సిబ్బంది దగ్గరో ఎఫ్‌ఐఆర్ ఫారం తీసుకుని రాసివ్వొచ్చు. ఆ కాపీతో, పోయిన ఫోన్లని పనిచేయకుండా ఆపే ప్రభుత్వ సీఈఐఆర్ పోర్టల్‌లో ఐఎంఈఐ బ్లాక్ చేయాలి. అక్కడ ఓటీపీ కోసం డూప్లికేట్ సిమ్ కావాలి, కానీ కొత్త సిమ్‌కి మొదటి 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు. ఫోన్‌లో డేటా దూరం నుంచి చెరిపేస్తే ఇక అది ఎక్కడుందో చూపించదు, కాబట్టి ముందు లొకేషన్ చూసి రాసుకున్నాకే చెరపండి.

గోదారిగట్టు:
పిన్ నాన్నగారికి గుర్తుండకపోతే? రాసి పెట్టొచ్చా?

సిగ్నల్‌దీపం:
పెట్టొచ్చు. ఆ కాగితం అమ్మగారి సంచిలో ఉండాలి, ఫోన్ కవర్‌లో కాదు. పుట్టిన సంవత్సరం మాత్రం పిన్‌గా వద్దు, అది ఆధార్ మీదే ఉంటుంది.