పాత మీటర్ గేజ్ కట్టను నడక దారి చేయించొచ్చా?

పాలమూరోడు:
మాది మహబూబ్‌నగర్, గద్వాల మధ్య పల్లె. 1990లలో మీటర్ గేజ్ (ఇరుకు పట్టాల) రైలు లైనును బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) చేసినప్పుడు మా ఊరి దగ్గర వంపు తీసేసి పట్టాలు నేరుగా వేశారు, పాత కట్ట అట్లనే మిగిలింది. పట్టాలు, స్లీపర్లు ఎప్పుడో పోయాయి, సర్కారు తుమ్మ కమ్ముకుంది, దానికి తోడు ఈ మధ్య రాత్రిపూట ట్రాక్టర్లు పెట్టి కట్ట మట్టి తోలుకుపోతున్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. పొద్దున నడిచే పెద్దవాళ్లేమో హైవే అంచున లారీల పక్కన నడుస్తున్నారు. దీన్ని నడక దారి చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కంకరదారి:
తమ్ముడూ, ముందు మట్టి తోలడం ఆపించు. కట్ట పోయాక మళ్లీ పోయించడం పంచాయతీ వల్ల కాదు. రైలు ఏటవాలు ఎక్కలేదు కదా, అందుకే ఆ కట్ట మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా ఆయాసం లేకుండా నడుస్తారు. పాత కంకర మాత్రం ఉంచొద్దు, చెప్పు కింద దొర్లి మడమ తిరుగుతుంది. అది ఎత్తేసి మొరం పోసి, నీళ్లు కొట్టి రోలర్ తొక్కించాలి. కట్ట కింద నీళ్లు పోయే మోరీల్లో పూడిక తీయకపోతే మొదటి పెద్ద వానకే కట్ట కోసుకుపోతుంది. సర్కారు తుమ్మ వేళ్లతో సహా పీకాలి, నరికితే రెండింతలు చిగురిస్తుంది.

నల్లగొండ పిల్ల:
న్యూజిలాండ్‌లో ఒటాగో సెంట్రల్ లైను 1990లో మూతపడింది, 2000 నుంచి అది నడకకూ సైకిళ్లకూ దారి, 150 కిలోమీటర్ల పైనే. మూతపడే స్థితిలో ఉన్న పల్లెల్లో బస, భోజనం పెట్టేవాళ్లకు దాంతోనే బతుకుదెరువు దొరికింది. మనకు అంత పొడవు అక్కర్లేదు అన్నా, కిలోమీటరు చాలు. కానీ మన ఎండలకు నీడ లేకపోతే ఎవరూ రారు, అంచుల్లో వేప, కానుగ, కింద సీతాఫలం పెట్టండి. బాలానగర్ సీతాఫలం పుట్టిన జిల్లా మీది!

రూల్స్ మాట:
పట్టాలు తీసినంత మాత్రాన భూమి ఊరిది కాదు. సర్వే నంబరు ఎవరి పేరున ఉందో తహసీల్దార్ ఆఫీసులో చూడండి. రైల్వేదైతే గ్రామసభ తీర్మానం జతచేసి హైదరాబాద్ డివిజన్‌కు రాయండి, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఇంకో మాట, దారి కొత్త లైనును ఎక్కడా తాకకూడదు. కర్ణాటకలో సక్లేశ్‌పుర, సుబ్రహ్మణ్య మధ్య గేజ్ మార్పిడికి రైళ్లు ఆపినన్నాళ్లూ ట్రెక్కింగ్ వాళ్లు పట్టాల మీదే నడిచారు, రైళ్లు మొదలయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు. కంచె తప్పనిసరి.

పాలమూరోడు:
అందరికీ చాలా థ్యాంక్స్. సోమవారం సర్వే నంబరు పట్టుకుని తహసీల్దార్ ఆఫీసుకు పోతున్నా. మట్టి తోలకం మీద రాతపూర్వక ఫిర్యాదు కూడా అదే రోజు ఇస్తా.