చండ్రనిప్పుల్లో ‘చండ్ర’ ఏమిటి?

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: “కోపంతో కళ్లు చండ్రనిప్పుల్లా ఉన్నాయి అంటాం కదా, ఆ చండ్ర ఏమిటి?” కింద మూడు రకాల జవాబులు వచ్చాయి. సంస్కృతంలో చండ అంటే తీవ్రం, అదే చండ్ర అయిందని ఎక్కువమంది అన్నారు. చంద్రకి అచ్చుతప్పు అని ఒకరు, నిప్పుకి ముందు ఊరికే తగిలించిన మాట అని ఇంకొకరు. మూడూ కావండీ. చండ్ర ఒక చెట్టు.

మా నాయనమ్మ దంచే రోకలి ఆ చెట్టుదే. ముదురు ఎరుపు, వాడి వాడి నల్లబడిన ఎరుపు. చేత్తో ఎత్తితే ఇనుప గుంజ ఎత్తినట్టుండేది. కింద పొన్ను రెండుసార్లు అరిగి మార్చారు గానీ కర్ర చెక్కుచెదరలేదు. “సండ్ర రోకలి, పదిలం” అనేది ఆవిడ. తుమ్మకి దగ్గర చుట్టం ఈ చెట్టు. మెట్టల్లో, రాతి నేలల్లో పెరుగుతుంది. చిన్నచిన్న ఆకులు, కొక్కేల్లాంటి ముళ్లు. తాంబూలంలో వేసుకునే కాచు ఈ జాతి చెట్ల చేవని ముక్కలు కొట్టి, నీళ్లలో మరగబెట్టి తీసేదే. అంత గట్టి కర్ర బొగ్గయితే నిప్పు ఎలా ఉంటుందో ఊహించుకోండి. పుల్లల మంటలా భగ్గుమని చల్లారిపోదు, కణకణలాడుతూ నిలిచి కాలుతుంది. చండ్రనిప్పు అంటే చండ్ర కర్ర నిప్పు. సంస్కృతంలో ఈ చెట్టు ఖదిరం. అక్కడా ‘ఖదిరాంగారం’ అనే మాట ఉంది, అంటే చండ్రనిప్పే. రెండు భాషలవాళ్లూ ఒకే బొగ్గుని చూసి ఒకేలా అనుకున్నారు.

‘చండ’ వాదానికి మరో అడ్డంకి ఆ ‘ర’. చండ నుంచి వస్తే ర ఎక్కడిది? తండ్రి, గుండ్రం, తాండ్ర చూడండి, ‘ండ్ర’ మన నోటికి అలవాటైన కూర్పు. చండ్ర వాటి పక్కన కూర్చునే మాట.

ఇంతవరకు నిఘంటువు తిరగేసినా దొరుకుతుంది. నేను చెప్పాలనుకున్నది దీని తర్వాతది. ఈ చెట్టు శాస్త్రీయ నామంలో మన మాట రెండు వందల ఏళ్లకు పైగా కూర్చుని ఉంది, మనమే గుర్తుపట్టడం లేదు.

డిగ్రీలో మాకు వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు దాన్ని ‘సుంద్రా’ అని చదివేవారు. మేమూ అలాగే బట్టీ పట్టాం, లాటిన్ కాబోలు అనుకుని. చాలా ఏళ్ల తర్వాత ఒక చెట్టు కింద పలకమీద ఆ పేరూ దాని కింద తెలుగులో ‘సండ్ర’ అనీ పక్కపక్కన చూసినప్పుడు ఒళ్లు ఝల్లుమంది. ఆంగ్ల అక్షరాల్లో ఎస్, యు, ఎన్, డి, ఆర్, ఏ. ఆ ‘యు’ని ‘అ’ అనుకుని చదవండి. సండ్ర!

ఆ పేరు పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గ్. స్కాట్లండు మనిషి, 1751లో పుట్టాడు. 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసు వచ్చి, 1781 నుంచి మన సామర్లకోటలో ఉన్నాడు. మిరియం, నీలిమందు, చెరకు లాంటివి పెంచి చూస్తూ, చుట్టుపక్కల మొక్కలన్నిటికీ మన దేశపు చిత్రకారుల చేత బొమ్మలు వేయించాడు. మొక్కలకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన శాస్త్రవేత్త లినేయస్. ఆయన శిష్యుడు కోనిగ్ రాక్స్‌బర్గ్‌కి దారి చూపినవాడు. ఆ కోనిగ్ 1785లో కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూసేటప్పుడు దగ్గరుండి వైద్యం చేసిందీ రాక్స్‌బర్గే. 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకి అధికారిగా వెళ్లిపోయాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. మూడు వందల బొమ్మలు. మూడో సంపుటంలో మన చెట్టు ఉంది, ‘మైమోసా సండ్రా’ అని.

‘యు’ సంగతికి వద్దాం. ఆ కాలపు ఆంగ్లేయులకు మన హ్రస్వ ‘అ’ వాళ్ల ‘కట్’, ‘బట్’ మాటల్లోని ‘యు’లా వినిపించేది, అలాగే రాసేవారు. కడపని వాళ్లు రాసిన తీరు గుర్తు తెచ్చుకోండి: సి పక్కన యు. ఇప్పుడు చదివితే ‘కుడ్డపా’. కంభం పాత రికార్డుల్లో ‘కుంబుమ్’లా కనిపిస్తుంది. కడపని కుడప అనం కదా, సండ్రని సుండ్రా అని ఎందుకనాలి?

ఇక్కడితో అయిపోలేదు. ఈ చెట్టుకే ఇంకో పేరూ ఉంది, ‘చండ్రా’. అదీ రాక్స్‌బర్గ్ పేరు మీదిదే, కానీ తరంగంబాడి మిషనరీ రాట్లర్ 1803లో ముందుగా అచ్చులో పెట్టాడు. అందుకే దాని వెనక ‘రాక్స్‌బ. ఎక్స్ రాట్లర్’ అని రాస్తారు. ఫలానావారు పెట్టిన పేరు, ఫలానావారు ప్రకటించినది అని అర్థం. ముందు అచ్చయిన పేరుకే హక్కు అన్నది వృక్షశాస్త్రపు కట్టుబాటు, కాబట్టి చెట్టుకి ఇప్పుడు చెల్లే పేరు చండ్రా. పేరులోని రెండు మాటల్లో మొదటిది మాత్రం మారుతూ వచ్చింది. మైమోసా పోయి అకేసియా వచ్చింది. 2005 వియన్నా వృక్షశాస్త్ర మహాసభలో అకేసియా పేరుని ఆస్ట్రేలియా చెట్లకి ఉంచెయ్యడంతో ఇది సెనిగాలియా అయింది. ముందు మాట రెండుసార్లు మారినా వెనక మాట తెలుగే.

చండ్రా, సండ్రా రెండూ ఎందుకు దొరికాయి? మనం రెండూ అంటాం కనుక. ఇది దంత్య చకారం. పాత అచ్చు పుస్తకాల్లో చ తల మీద చిన్న గుర్తు పెట్టేవారు, అది. చద్దిని సద్ది అంటాం, చల్లని సల్ల, చాపని సాప, చంకని సంక. అదే వరసలో చండ్ర, సండ్ర. ఏది ఒప్పు అని తగువు అక్కర్లేదు, లాటిన్ పేర్లలో రెండూ నిలిచాయి.

నన్ను బాగా కదిలించిన విషయం ఇంకొకటి. రాక్స్‌బర్గ్ పుట్టిన 1751లోనే లినేయస్ ఒక సూత్రం రాశాడు: ప్రజాతి పేరు, అంటే మొదటి మాట, గ్రీకు, లాటిన్ మూలంలోంచి రాకపోతే తోసిపుచ్చాలి అని. రెండో మాట దగ్గర కొంత వెసులుబాటు ఉండేది. సంస్కృత పండితుడైన న్యాయమూర్తి విలియం జోన్స్ కలకత్తాలో కూర్చుని, భారతీయ మొక్కలకి భారతీయ పేర్లే ఉండాలని వాదించాడు, అయితే ఆయన మనసులో ఉన్నది సంస్కృతం. రాక్స్‌బర్గ్‌కి ఖదిర దొరకదా? దొరుకుతుంది. అయినా సర్కారు జిల్లాల్లో జనం అన్న మాటే రాసుకున్నాడు. ప్రతి మొక్క దగ్గరా ‘తెలింగలు ఇలా అంటారు’ అని తెలుగు పేరు చేర్చడం ఆయన అలవాటు. బ్రౌన్ దొర 1852 నిఘంటువులో చెట్ల పేర్ల దగ్గర ‘రాక్స్’ అని సంపుటం, పుట అంకెలు వేస్తాడు, చూసే ఉంటారు. ఊడుగ చెట్టు దగ్గర తీసి చూడండి. మన మాటలు ఆయన పుస్తకంలోకి వెళ్లి, అక్కడినుంచి తిరిగి మన నిఘంటువులోకి వచ్చాయి.

అన్నిసార్లూ ఇలా జరగలేదు. బీడీ ఆకుల తునికికి ఆయన పెట్టిన పేరులో గ్రీకే ఉంది, ‘నల్ల కర్ర’ అని అర్థం. అక్కడ తునికి పేరు వివరణలోనే ఆగిపోయింది. నాకు అది కొంచెం బాధే.

సాయంత్రం చేర్పు:

“ఇలాంటివి ఇంకా ఉన్నాయా?” అని అడిగారు. ఉన్నాయి. సోమిద మాను అన్నిటికన్నా గొప్పది. దాని బెరడు జ్వరానికి పనిచేస్తుందని, క్వినైన్ ఇచ్చే సింకోనాకి బదులు వాడొచ్చని రాక్స్‌బర్గ్ ఆశపడ్డాడు. మహాగని చుట్టమనుకుని ఆ ప్రజాతిలో వేసి, ‘జ్వరాన్ని తరిమేది’ అని అర్థం వచ్చే ఫెబ్రిఫ్యూగా పేరు పెట్టాడు. తర్వాత 1830లో పారిస్‌లో వృక్షశాస్త్రవేత్త జ్యుసియూ ఇది మహాగని కాదని విడదీసి, కొత్త ప్రజాతి చేసి, దానికి తెలుగు మాటే పెట్టాడు, సోయ్‌మిడా అని. లినేయస్ ఒప్పుకోని చోట, మొదటి మాటగా. ఆ ప్రజాతిలో ఉన్నది ఈ ఒక్క జాతే. శేషాచలం కొండల తంబ చెట్టు ఇంకొకటి. దాని పేరు ‘టంబుగ్గాయియా’. అక్కడా అదే ‘యు’, తంబ అనే చదవాలి. మన తంబా తమిళుల తంబగమూ రెండూ అందులో వినిపిస్తాయి.

“చెట్టు బాగా మండుతుంది కాబట్టి నిప్పు మాటే చెట్టుకి పేరు అయిందేమో” అన్నవారికి: నిప్పు ఊసే లేకుండా సండ్ర రోకలి, సండ్ర గుంజ అంటున్నాం కదండీ. చండ్ర అని ఒక్కటే అంటే ఎవరికీ నిప్పు గుర్తుకురాదు. ఖదిరాంగారంలోనూ ఖదిరం చెట్టే. చెట్టే ముందు.

ఇంకో చిన్న మాట, పాఠాలు చెప్పేవారికి. పిల్లలకి ఈ పేరు చదివించేటప్పుడు ‘సుంద్రా’ దగ్గర ఆగి, ‘యు’ని ‘అ’ చేసి మళ్లీ ఒకసారి చదివించండి. రోకలి సంగతీ చెప్పండి. మా రోకలి ఇంకా ఉంది, కావాలంటే రేపు ఫొటో పెడతాను. పొన్ను దగ్గర చీలిక ఒకటి ఉంది, అక్కడ చేవ రంగు బాగా తెలుస్తుంది.