వృద్ధుల రక్షణకు ప్రత్యేక అధికారి కావాలా, సచివాలయ సిబ్బంది చాలరా?

ప్రశ్న (గుంటూరు): ఇల్లు రాయించుకున్న కొడుకు అన్నం పెట్టడం లేదని మా వీధిలో ఒక పెద్దావిడ వాపోతున్నారు. ఇటువంటివి వార్డు సచివాలయ సిబ్బందే చూడాలా, దీనికే శిక్షణ పొందినవారు ఉండాలా?

జవాబు (విజయవాడ): 2007 నాటి వయోవృద్ధుల చట్టం కింద విచారించే ట్రిబ్యునల్‌కు అధ్యక్షులు ఆర్డీవోగారే, భూముల తగాదాల నుంచి ఎన్నికల దాకా అన్నీ ఆయన నెత్తినే ఉంటాయి. అయినా, పోషించాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తి బదిలీని 23వ సెక్షన్ కింద రద్దు చేసే అధికారం ఆ ట్రిబ్యునల్‌కు ఉంది గనుక, దస్తావేజులో ఆ షరతు ఉందో లేదో ముందు చూడండి.

మరో జవాబు: అధికారం సరేనండీ, కానీ ఒంటి మీది కమిలిన గుర్తును మొదట గమనించేది నెలనెలా పింఛను ఇవ్వడానికి గడప తొక్కే ఉద్యోగే. అలాంటి గుర్తులను పసిగట్టడం సచివాలయ సిబ్బంది అందరికీ నేర్పాలి. కొడుకు ఎదుట లేకుండా ఆమెతో మాట్లాడి నిజం రాబట్టడం మాత్రం నిపుణుల పని.

అడిగినవారు: ధన్యవాదాలండీ. దస్తావేజు నకలు తీయిస్తాను. ఈలోగా వృద్ధుల సహాయవాణి 14567కు ఆవిడ చేతనే ఫోన్ చేయిస్తాను.