ఆలేరు వ్యాన్‌లో జరిగింది న్యాయమేనా?

మూసీగట్టు:
2015 ఏప్రిల్ 1 రాత్రి సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసులపై ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. 4న జానకీపురం దగ్గర ఆ ఇద్దరూ ఎదురుకాల్పుల్లో పోయారు. 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు ఉగ్రవాద కేసుల నిందితులను ఆలేరు దగ్గర ఎస్కార్టు పోలీసులే కాల్చి చంపారు. ఆయుధాలు లాక్కోబోయారని పోలీసుల మాట. రెండూ ఒకటేనా?

సూర్యాపేటోడు:
ఒకటే. జానకీపురంలో గాయపడ్డ ఎస్సై సిద్ధయ్య కన్నుమూసింది కూడా ఆ 7వ తేదీనే. హక్కుల గురించి ఆ ఇంటికి పోయి చెప్పండి.

భువనగిరి వకీలు:
తమ్మీ, జానకీపురంలో అవతలివాడు కాలుస్తున్నాడు. అక్కడ పోలీసులను నేను తప్పుపట్టను. ఆలేరులో చనిపోయినవాళ్ల చేతులకు బేడీలున్నాయి, ఫొటోలు అందరం చూశాం. చట్టానికి బలం లేదా అంటే, ఉగ్రవాద కేసుల చట్టం ఊపా (యూఏపీఏ) కింద చార్జిషీటుకు 180 రోజుల దాకా గడువు దొరుకుతుంది. ఆరోపణ ప్రాథమికంగా నిజమనిపిస్తే బెయిల్ ఇవ్వకూడదు. 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసు కోర్టులోనే నడిచింది కదా? 2016లో ఐదుగురికి ఉరిశిక్ష వేశారు, 2025లో హైకోర్టు ఖరారు చేసింది. ఆలేరు ఐదుగురి మీద పోలీసులను చంపిన ఆరోపణలూ ఉన్నాయి. అవి నిజమో కాదో ఇక ఏ జడ్జీ తేల్చడు. ఆ పోలీసుల ఇళ్లవాళ్లకూ తీర్పు అందకుండా పోయింది.

సూర్యాపేటోడు:
పన్నెండేళ్లు వకీల్‌సాబ్! అన్నేళ్లు మేపాలా?

పాలమూరు అక్క:
2007 మక్కా మసీదు పేలుడు తర్వాత పట్టుకుపోయిన పిల్లల్లో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. వాళ్లనూ దారిలో కాల్చేసుంటే? మా షాద్‌నగర్ పక్కన చటాన్‌పల్లిలో 2019లో దిశ కేసు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. అది ఉగ్రవాద కేసు కాదు, తెలుసు. అయినా పోలీసుల మీద పూలు చల్లారు. 2022లో సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ ఏం తేల్చింది? కావాలనే కాల్చారని. పూలు చల్లినవాళ్లు అది చదివారో లేదో.

భువనగిరి వకీలు:
ఆలస్యం మాత్రం నిజం తమ్మీ. విచారణ తేలకుండా ఏళ్లు గడిస్తే ఊపా కేసులోనూ బెయిల్ ఇవ్వొచ్చని 2021లో నజీబ్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. అంటే కేసు సాగదీస్తే ప్రభుత్వానికే నష్టం. రోజూ విచారణ జరిపే కోర్టు పెట్టండి, వ్యాన్‌లో కెమెరా పెట్టండి.

సూర్యాపేటోడు:
కెమెరాకు నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ వ్యాన్‌లో కూర్చునేది మా కానిస్టేబులన్నలు, మీరు కాదు. వాళ్ల ప్రాణానికి ఏం చేస్తారో అది కూడా రాయండి సార్.